బల్ల మీది గీత

సత్రపట్టిలో గాయాలకు కట్టే పలుచటి గుడ్డ నేసే షెడ్డు అది. ఒకే నెలలో మూడు తాన్లు చెడాయంటే మగ్గం చేయి మారుతుంది. సంతానలక్ష్మివి అప్పటికే రెండు పక్కన పెట్టారు. మూడోది ఆ పొద్దున తనిఖీ బల్ల మీదికి వచ్చింది. పదకొండేళ్ల నుంచి నేస్తున్న మగ్గం. పోతుందేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

"ఇదీ తప్పే అక్కా," అన్నాడు తనిఖీ చేసే కుమారేశన్.

"ఏది తప్పు? బాగానే ఉండాది గదా!"

అందరూ మొదలాళీ అని పిలిచే యజమాని రఘురామ రాజు కుర్చీలోంచి లేచాడు. ముసలి నేతగాడు బొమ్మయ్య ఆమె వైపు నిలబడ్డాడు. ఒకరు నాణ్యత అంటారు, ఒకరు అన్యాయం అంటారు. ప్రతి నెలా ఉన్న భాగోతమే. టీ వేళకు గొంతులు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

సంతానలక్ష్మికి విసుగొచ్చింది. ఎవరిదో పాత తాను తెచ్చి పరిచింది.

"మొదలాళీ, దీన్లో తప్పులు ఎన్ని? ముగ్గురూ చీటీల్లో రాయండి. ఒకరిది ఒకరు చూడొద్దు."

కుమారేశన్ తొమ్మిదని రాశాడు. రఘురామది రెండు. బొమ్మయ్య చీటీలో సున్నా ఉంది. కుమారేశన్ ప్రతి ముడినీ లెక్కపెట్టాడు. రఘురామ తప్పిపోయిన పోగుల్నే చూశాడు. బొమ్మయ్యకు చిల్లు పడితే తప్ప తప్పు కాదు.

"ఇన్ని దినాలూ మనం దేని గురించి అరిచినాము?" అంది.

తర్వాత ఏది తప్పో తేల్చే పని చప్పున సాగింది. ముడి తప్పు కాదు. పోగు రెండు వేళ్ల మేర తప్పితే తప్పు. ఎవరి వేళ్లు? బొమ్మయ్యవి అరటిపళ్లంత ఉంటాయి. అందరూ నవ్వారు. చివరికి రఘురామ బల్ల మీదే నీలి పెయింటుతో కొలతగా గీత గీశాడు.

మొదటి రెండు తాన్లూ తెప్పించారు. అన్నీ ముడులే. మంచివాటిలో కలిపేశారు. మూడోదాన్ని కుమారేశన్ గీత పక్కన పెట్టాడు. పోగు తప్పిన చోటు గీతను దాటి బియ్యపుగింజంత పొడుగుంది.

"పోనీలేమ్మా," అన్నాడు రఘురామ మెల్లగా. "గీత ఇప్పుడే గదా గీసినాము. రేపట్నుంచి చూసుకుందాం."

సరేననాలని ఆమెకు ఎంతగానో అనిపించింది.

"నా తానుకు రేపంటే, రేపు ఇంకొకరు ఎల్లుండి అంటారు మొదలాళీ."

గోడ మీది ఖాళీ పలకపై సుద్దముక్కతో తన పేరు తానే రాసి, పక్కన తప్పు ఒకటని వేసింది. కొత్త లెక్కలో ఆ పలకపై అదే మొదటి పేరు. తర్వాత తన మగ్గం దగ్గరికి వెళ్లి, తెగిన పోగు ఎక్కడుందో వెతకసాగింది.