పాటలో ఆగిన చోటు

చీరల అంచులకు వేలాడే దారాలు కత్తిరిస్తూ భూదేవి పాడిన పాట అది. కట్టలకు కట్టలు చీరలు సూరత్ డిండోలిలోని వాళ్ల ఒక్క గదిలోకే వచ్చి పడతాయి. ఇంట్లో కూర్చుని చేసేది కూడా ఒక పనేనా అని భూదేవి మగడు సోమలింగం పాతికేళ్లుగా అంటూనే ఉన్నాడు. అతను కార్ఖానాలో మరమగ్గం నడుపుతాడు. వచ్చి కూర్చున్నాక నీళ్ల బిందె చేతికందే దూరంలో ఉన్నా, ముంచి ఇవ్వాల్సింది ఆమే.

పాత పాటలు వెతుక్కుంటూ ఊర్మిళ వచ్చింది. సూరత్‌లోనే పుట్టిన తెలుగుపిల్ల. ముంబై పోయి పియానోతో కలిపి పాడే పాశ్చాత్య సంగీతం నేర్చింది. పని చేసుకుంటూ పాడి ఫోన్‌లో పంపమని భూదేవికి చెప్పి పోయింది. భూదేవి తన తల్లి నూలు కండెలు చుడుతూ పాడిన పాట పంపింది.

ఇవాళ ఊళ్లో పెద్ద హాల్లో ఆ పాటే. ఊర్మిళ గొంతు పైపైకి పోయి సన్నని నూలుపోగులా నిలబడింది. తెగలేదు. అమ్మది బొంగురు గొంతు. అయినా రాట్నం ముందు మోకాలు ముడుచుకున్న అమ్మే కనబడింది. భూదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడో చరణం నడుమ గొంతు ఆగింది. పియానో కూడా ఆగింది. అంతలో నాలుగో చరణం ఎత్తుకుంది.

భూదేవి ఆ చోటును గుర్తుపట్టింది. ఫోన్‌లో పాడిన రోజు సరిగ్గా అక్కడే సోమలింగం ఖాళీ గ్లాసు ఎత్తి చూపాడు. తాను లేచి నీళ్లిచ్చి వచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుంటే మిగిలిన రెండు మాటలకు నాలుక తిరగలేదు, దాటేసింది. ఈ పిల్లేమో ఆ సందును కూడా పాటే అనుకుంది.

చప్పట్లయ్యాక, ఆ మౌనంలోనే ఆడదాని బాధంతా ఉందని ఒక పెద్దమనిషి అన్నాడు. భూదేవి పక్కనే కూర్చున్న సోమలింగం తల ఊపాడు. ఊర్మిళ వచ్చి భూదేవి చేతులు పట్టుకుంది. రేపు రికార్డు చేస్తారట. ఇక ఎవరు నేర్చుకున్నా ఇట్లాగే పాడతారట.

"బరాబర్ పాడిన్నా ఆంటీ?"

ఎప్పటిలాగే సోమలింగం జవాబు చెప్పాడు. "ఏక్‌దం బరాబర్ మేడమ్. గిట్లనే పాడుతది."

ఊరుకుంటే అమ్మ మాటలు రెండూ రేపటితో పోతాయి. అవి తనకొక్కదానికే వచ్చు.

"గిట్ల గాదు బిడ్డా. నడుమ రెండు మాటలున్నయి. ఈయనకు నీళ్లియ్య లేచిన. గందుకే ఆగింది."

సోమలింగం ముఖం నల్లబడింది. పియానో వాయించినతను, పాడమన్నట్టు, ఒక మెట్టు మెల్లగా నొక్కాడు. భూదేవి అందుకుంది.

"చీర నేసినోనికి పేరొచ్చెనమ్మా
కండె చుట్టిన చెయ్యి కనవడదేమమ్మా"

ఊర్మిళ ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి. మగడు ఇంట్లో ఉండగా ఎన్నడూ పాడనివి చాలానే ఉన్నాయి.

సోమలింగం లేచాడు. "పా, పోదాం. ఆకలైతుంది."

భూదేవి పియానో పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"నువ్వు పో. గిన్నెల అన్నమున్నది, పెట్టుకొని తిను. నేను పాడి వస్త."