పచ్చ ఇంజను, ధర మాట్లాడుకోవచ్చు

అటక మీద దొరికిందట, ఏ అటకరా నాయనా నీది, మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటూ, నీ నెత్తిమీద ఇంకో రెండు కాపురాలుండగా అటకెక్కడ దొరికింది నీకు, పైగా పాతకాలపు అరుదైన ఇంజనట, నడిపి చూడలేదట, వీటి గురించి నాకేమీ తెలియదట, మొదట పెట్టింది నాలుగు వందల ఎనభై యూరోలు, ధర మాట్లాడుకోవచ్చు, ఏమీ తెలియనివాడికి నాలుగు వందల ఎనభై అని మాత్రం ఎలా తెలిసిందో, ఈ వాడేసిన బొమ్మరైళ్ళు ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళందరిదీ ఇదే వరస, చక్రం ఊడిన పెట్టెకి సేకరించేవారి కోసం అని రాస్తారు, ఖాళీ అట్టపెట్టె ఒక్కటే ఫొటో తీసి ముప్ఫై అంటారు, లోపల రైలు లేదని ఆఖర్న చీమతలకాయంత అక్షరాల్లో, మొన్నొకడు విరిగిన సిగ్నలు స్తంభానికి యాభై పెట్టి మా ఆవిడ పారేయమంటోంది కాబట్టి ఇంత చవక అన్నాడు, ఆ ఆవిడెవరోగాని ఆమెకో దండం, వాళ్ళందరినీ తిట్టి ఊరుకోవచ్చు, వాళ్ళలో ఎవడూ నా తమ్ముడు కాదు, ఈ ఫొటోలో ఇంజను కింద పరిచిన నీలిగళ్ళ గుడ్డ మా అమ్మ వంటింటిది, ఆ ఇంజను మా నాన్నది, అమ్ముతున్నవాడు ఎకెహార్డ్, వాడి మొహం మండ.

చలికాలం ముంచుకొస్తోంది, తోటగుడిసెలో కుళాయి విప్పి గొట్టాల్లో నీళ్ళు దించెయ్యాలి, లేకపోతే గడ్డకట్టి పగులుతాయి, నేనేమో పానా ఒక చేత్తో ఫోను ఒక చేత్తో పట్టుకుని బకెట్టు మీద కూర్చున్నాను, రేపే ఆదివారం, క్రిస్మస్ ముందరి నాలుగు ఆదివారాల్లో మొదటిది, ఆ పొద్దున్నే నాన్న పెట్టెలు దించేవాడు, భోజనాలబల్ల మీద పట్టాలు పరిచేవాడు, మీట దగ్గర పక్కనే స్టూలు వేసి తమ్ముడు ఎకీని కూర్చోబెట్టేవాడు, పెద్దపిల్లని నేను, నన్ను మాత్రం రోస్వితా, అమ్మకి సాయం చెయ్యవే అనేవాడు, బంగాళాదుంపలు తురుముతూ తలుపు సందులోంచి ఆ గిరగిర వినేదాన్ని, తురుముపీటకి వేలు చెక్కుకుపోయినా ఎవడూ ఇటు చూసేవాడు కాదు, తర్వాత జీవితమంతా కెమ్నిట్స్ వీధుల్లో నిజం ట్రాము నడిపాను, వందమందిని ఎక్కించుకుని మంచులో బ్రేకు వేశాను, స్టూలు మీది రాకుమారుడు ఇన్సూరెన్సు ఆఫీసులో కుర్చీ అరగదీశాడు, అయినా నాన్న పోయాక పెట్టెలన్నీ వాడి కారులోకే ఎక్కాయి, పాతిపెట్టి వచ్చి అందరం కాఫీ దగ్గర కూర్చున్నప్పుడు అడిగాను, ఆ పచ్చ ఇంజను ఒక్కటి నాకివ్వరా అని, బ్రతిమాలినట్టే అడిగాను, నీకెందుకే అక్కా, రోజంతా నిజందే నడిపావుగా, ఇంకా మోజు తీరలేదా అని పళ్ళికిలించాడు, అత్తయ్యలందరూ నవ్వారు, కప్పు విసిరేశాను, తగల్లేదు, ఇప్పటికీ అదే బాధ, ఆ తర్వాత వాడి మొహం నేను చూడలేదు నా మొహం వాడు చూడలేదు, ఇద్దరం ఒకే ట్రాము లైనుకి ఆ కొసనా ఈ కొసనా ఉంటున్నాం.

అందుకే హెర్ జీమన్ అని దొంగపేరు పెట్టుకున్నాను, మొగవాడి పేరు, కొనేది నేనని తెలిస్తే చచ్చినా అమ్మడు, ఊరికే అడిగి ఊరుకుంటే సరిపోయేది, కానీ ఆ దరిద్రుడు దాన్ని పెద్ద సైజు రైలని రాశాడు, పెద్ద సైజట, మా తూర్పు జర్మనీ ఇరుకిళ్ళలో బల్ల మీద పట్టాలని చేసిన చిన్న సైజది, పట్టాల మధ్య పన్నెండు మిల్లీమీటర్లు, ఆ బల్ల దగ్గరే పుట్టి పెరిగిన వెధవకి ఆ మాత్రం తెలియదా, ఒళ్ళు మండి రాశాను, అయ్యా మీరు రాసింది తప్పు, అది చిన్న సైజు, పైగా ఎడమవైపు చక్రాల కడ్డీ అసలుది కాదు, అలారం గడియారం ముల్లు అరగదీసి బిగించింది, దానికి ఇంత ధరా అని, వెంటనే జవాబు, చాలా థాంక్స్ హెర్ జీమన్ గారూ, ఇంత విశేషమైన వస్తువని తెలియక తక్కువ పెట్టాను అని, ధర ఐదు వందల ఇరవై అయింది, సరే ఐదు వందల ఇరవైకే తీసుకుంటానన్నాను, మర్నాడు ఆరు వందలు, పిల్లల బొమ్మల్లోంచి తీసి పురాతన వస్తువుల్లో పెట్టాడు, వారం రోజులు నోరు మూసుకు కూర్చున్నాను, తొంభైకి దిగింది, ఈసారి తోట అలంకరణల్లో పెట్టాడు, మట్టి మరుగుజ్జు బొమ్మల పక్కన నాన్న ఇంజను, తొంభైకి ఒప్పుకున్నాను ఇప్పుడే వస్తాను అని రాశాను, అయ్యో హెర్ జీమన్ గారూ సున్నా ఒకటి జారిపోయింది, తొమ్మిది వందలు అన్నాడు, ఫోను పట్టుకుని బండబూతులు తిట్టాను, ట్రాములో పక్కసీటావిడ లేచి వెళ్ళిపోయింది, ఇలా సెప్టెంబరు నుంచీ, పళ్ళు తోముకోకముందే ఫోను చూస్తున్నాను, ఇవాళ ఏం పెట్టాడు ఏం కూశాడు అని.

పక్కతోట యెన్స్ ఊవెకి నిన్న ఈ బాధంతా చెప్పుకుంటే, వాడు అడిగిన తొమ్మిది వందలూ పడేసి నా పేరు మీద కొంటాను, తర్వాత ఆ డబ్బు నాకిద్దువుగాని, పీడా పోతుంది అన్నాడు, పోతే పోయాయి అన్నాను, ఇదిగో ఇప్పుడు కంచె మీంచి వంగి వస్తున్నాడు, నవ్వు ఆపుకోలేక టోపీ జారిపోతోంది, రోసీ, ఓ రోసీ, నీ తమ్ముడు జవాబిచ్చాడు విను, ఎంతిచ్చినా లాభం లేదండీ, అది ఒకావిడ కోసం ఆపి ఉంచాను, మహా మొండిది, దారికి రావడానికి టైం పడుతుంది అని, మొండిదట రోసీ, నిన్ను బాగానే ఎరిగినవాడు, అంటూ కంచె పట్టుకుని ఊగుతున్నాడు, నవ్వవయ్యా నవ్వు నీ సొమ్మేం పోయింది, ఆవిడట, ఆవిడ, అంటే తెలుసు, వీడికి ముందునుంచీ తెలుసు, ఆ కడ్డీ, ఫొటోలో కుడివైపే కనిపిస్తోంది, ఎడమవైపు గడియారం ముల్లుందని నాన్నకీ వాడికీ నాకూ తప్ప ఎవరికి తెలుసు, నోరు జారి నేనే చెప్పాను, పెద్ద సైజని రాసిందీ అందుకేనా, ఆ తప్పు చూసి ఊరుకోలేక నేను ఎగిరిపడతానని వేసిన ఎరా అది, సెప్టెంబరు నుంచీ హెర్ జీమన్ గారూ హెర్ జీమన్ గారూ అని నన్ను ఆడిస్తున్నాడా, దొంగ సచ్చినోడు, కప్పు ఆరోజు తగలాల్సింది.

చేతిలో ఫోను మోగింది, వాడే, హెర్ జీమన్ గారూ ఇదే ఆఖరి మాట, నూట ఇరవై, రేపు పొద్దున వచ్చి పట్టుకెళ్ళండి, చిల్లర మీరే తెచ్చుకోండి, మీలాంటివాళ్ళని నమ్మలేం అని, యెన్స్ ఊవె తొంగిచూసి చదివాడు, హమ్మయ్య, ఇంకేం, సరేనని కొట్టవే తల్లీ అన్నాడు, సరే అని కొట్టడమే, నాలుగక్షరాలు కూడా లేవు, వేలు అక్కడే పెట్టాను, రేపు వెళ్తాను, తలుపు తీస్తాడు, బట్టతల వచ్చి ఉంటుంది, గుడ్డలో చుట్టిన ఇంజను చేతిలో పెడతాడు, డబ్బు లెక్కచూసుకుంటాడు, ఇద్దరం థాంక్స్ చెప్పుకుంటాం, ఇంటికి తెచ్చి అల్మారాలో పెడతాను, సోమవారం పొద్దున లేచి ఫోను చూస్తాను, అందులో ఏమీ ఉండదు, మంగళవారం కూడా ఉండదు, గెలిచింది నేనేగా, కావలసింది దొరుకుతోందిగా, అయినా ఆ ఇంజను నేనేం చేసుకుంటాను, పట్టాలు లేవు, బల్ల లేదు, అల్మారాలో దుమ్ము పట్టిన పచ్చ ఇనపముక్క, దాని ఎడమ కడ్డీ సంగతి చెబితే ఎవడికి అర్థమవుతుంది, ఈ యెన్స్ ఊవెకా, నేను తురుముపీట దగ్గర కూర్చున్నానని, తలుపు కాస్త తీసే ఉండేదని, నాన్న ఒక్కసారైనా రా అనలేదని ఎవడికి తెలుసు, వాడికి తెలుసు, స్టూలు మీంచి తల తిప్పి నావైపు చూసేవాడు, దొంగచూపు, ప్రతిసారీ చూసేవాడు, ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలిసినవాడు ఈ లోకంలో వాడొక్కడే మిగిలాడు, సిగ్గులేదా మీకు నూట ఇరవై అడగడానికి అని కొట్టాను, ముందు బంపరు వంగింది, పొగగొట్టానికి పెచ్చు లేచింది, ఎనభై కంటే ఒక్క సెంటు ఎక్కువివ్వను, నీకు పిచ్చెక్కిందే రోసీ అంటున్నాడు యెన్స్ ఊవె, పోనీ అననీ, ఎకీ ఎనభైకి ఒప్పుకుంటే అరవై అంటాను, అరవైకి దిగితే రంగు బాగాలేదంటాను, నాకు కావలసింది ఇంజను కాదు, ఆ సచ్చినోడితో తగువు, వాడూ నేనూ బతికున్నన్నాళ్ళు ఈ బేరం తెగనివ్వను.