రిటైరవ్వని బొటనవేలు

కత్తెర బాబాయి పీఎఫ్ క్లెయిము తిరిగొచ్చింది. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో వయసంతా కటింగ్ మిషను మీదే గడిపిన మనిషి కాబట్టి ఆయన ఊరందరికీ కత్తెర బాబాయే. రిటైరై మూడు నెలలవుతోంది. ఫోన్‌కొచ్చిన మెసేజిని ఆయన భార్య కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"ఇవ్వరట. మీరింకా ఉద్యోగంలోనే ఉన్నారట."

"ఎవరు, నేనా?"

"కాదు, నేను. ఆ గదాయన నెలాఖరు దాకానే ఆగుతానన్నాడు, గుర్తుందా?"

గుర్తులేకేం. ఆవిడ బట్టలు కుట్టే పని ఇన్నేళ్లూ ముందుగదిలోనే సాగింది. కుర్చీల మీద బట్ట ముక్కలు, మంచం కింద దారపు రీళ్లు, అన్నం ముద్దలో గుండీలు. ఎవరైనా వస్తే గుమ్మంలోనే నిలబెట్టి పంపాలి. పీఎఫ్ డబ్బుతో మెయిన్ రోడ్డు మీది ఆ గది అద్దెకి తీసుకుని షాపు పెట్టాలని ఆవిడ ఆశ. బోర్డుకి ఏ రంగు వెయ్యాలో కూడా అనుకుని పెట్టుకుంది.

బాబాయి చొక్కా తగిలించుకుని పీఎఫ్ ఆఫీసుకి పరిగెత్తాడు. కౌంటర్లో గుమస్తా కంప్యూటర్ చూసి తల పైకెత్తాడు.

"మీరు డ్యూటీ చేస్తున్నారు కదండీ."

"కేకు కోసి మరీ పంపించేశారు నాయనా నన్ను."

"మీ కంపెనీవాళ్లు మానేసిన తేదీ వెయ్యలేదు. అది వేయించుకుని మళ్లీ పెట్టండి. ఇక్కడ నేను చూసుకుంటా."

బాబాయి అటునుంచి అటే ఫ్యాక్టరీకి వెళ్లాడు.

"ఏం బావా, ఇవాళ లేటు?" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

"నన్ను చంపుకుతింటున్నారు బావా, తర్వాత చెప్తా" అంటూనే బాబాయి గోడమీది హాజరు మిషను మీద బొటనవేలు నొక్కి లోపలికి నడిచాడు.

హాజర్లు చూసే అమ్మాయి ఆయన గోడంతా విని కంప్యూటర్లో ఆయన పేరు తెరిచి చూసింది.

"బాబాయ్, ఇప్పుడు వేలు పెట్టే వచ్చారా?"

"పెట్టకుండా లోపలికెలా వస్తానమ్మా?"

"రోజూ వస్తున్నారా?"

"రోజూ అంటే... పొద్దున లేస్తే కాళ్లు ఇటే లాక్కొస్తాయి. వాచ్‌మన్ బావతో టీ తాగి, మిషను ఎలా ఉందో చూసుకుని పోతా."

ఆ అమ్మాయి నెత్తి పట్టుకుంది. "మీకు తేదీ వేద్దామంటే కంప్యూటర్ ఒప్పుకోదు. ఈ మనిషి పొద్దున్నే వచ్చాడంటుంది. మేనేజరుగారు మిమ్మల్ని మళ్లీ పెట్టుకున్నారేమోనని నేనూ ఊరుకున్నా."

సంగతి విని మేనేజరు నవ్వాపుకోలేకపోయాడు. ఆ హాజర్లు డ్యూటీవి కావని కాగితం తయారుచేయించాడు. కింద బాబాయి సంతకం కావాలి. 'రిటైరయ్యాక నాకు ఇక్కడ ఏ పనీ లేదు' అని ఉంది అందులో. బాబాయి పెన్ను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. అవతల కటింగ్ మిషను చప్పుడు వినిపిస్తోంది. వేరే ఎవరో నడుపుతున్నారు, బాగానే నడుపుతున్నారు. ఇంటి గుమ్మంలో నిలబడి కొలతలిచ్చి పోయే ఆడవాళ్లు గుర్తొచ్చారు. సంతకం పెట్టేశాడు.

ఆ అమ్మాయి మిషన్లోంచి ఆయన వేలిముద్ర తీసేసి, అక్కడికక్కడే తేదీ వేసింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే భార్య నోరెళ్లబెట్టింది.

"రోజూ వాకింగ్‌కి వెళ్తున్నారనుకున్నానే!"

"నడిచే వెళ్లాను కదే."

మళ్లీ పెట్టిన క్లెయిము ఈసారి నిలబడింది. నెలాఖరుకి ముందే డబ్బు పడటంతో ఇద్దరూ వెళ్లి అడ్వాన్సు కట్టి తాళం తెచ్చుకున్నారు.

గది షట్టరు సగంలో బిగుసుకుపోయింది. ఇద్దరూ వంగి లోపలికి దూరారు. బాబాయి చొక్కా చేతులు మడిచి, ఆ షట్టరు ఎక్కడ పట్టేస్తోందో చూడటంలో పడ్డాడు.

భార్య గది మధ్యలో నేలమీదే చతికిలబడి, రెండు కాళ్లూ బార్లా చాపుకుంది. ఎటు చాపినా ఏమీ తగల్లేదు.

"ఎంత చోటండీ" అంది.