గోడలో కలిసిపోయిన తలుపు

మా అక్క కూతుర్ని నేను రంగుల డాక్టరమ్మ అని పిలుస్తాను. ఏ గదికి ఏ రంగు వేస్తే మనిషి మనసు ఎలా ఉంటుందో చెప్పి, ఇళ్లను అలా తయారు చేయించడం దాని ఉద్యోగం. నిద్ర పట్టనివాళ్లకు ఒక రంగట, ఆకలి పుట్టనివాళ్లకు ఇంకోటట, పొద్దస్తమానం కీచులాడుకునే మొగుడూపెళ్లాలకు మరొకటట. "మరి నా నోటికి ఏ రంగు వేస్తావే?" అని అడిగానొకసారి. "నీ నోటికి రంగు సరిపోదు పిన్నీ, సిమెంటు కావాలి" అంది. దాని నోరూ తక్కువదేం కాదు, మా వంశమే అంత.

అక్కాబావలు ఉండేది రెండో అంతస్తులో. ఎదురు వాటా నాది. కింద వీధివైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బిగుతు బట్టలు వదులు చేస్తాను, వదులువి బిగుతు చేస్తాను, జిప్పులు మారుస్తాను. మా ఆయన పోయాక ఏడుస్తూ కూర్చున్న నన్ను చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ ఎదురు వాటాలో పెట్టింది అక్కే. వాళ్ల ఇంటి తాళంచెవి ఒకటి ఎప్పుడూ నా దగ్గర ఉండేది.

బావ సిటీ బస్సు నడిపేవాడు. రిటైరైన కొన్నాళ్లకే మతి తప్పడం మొదలైంది. ముందు కళ్లజోడు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు, తరవాత నా పేరు, ఆ తరవాత కన్నకూతురి మొహం. డ్యూటీ ఒక్కటి మాత్రం మర్చిపోలేదు, ఖర్మ! తెల్లారేసరికి ఖాకీ ప్యాంటు వేసుకుని బయలుదేరేవాడు. ఒకరోజు అక్క స్నానానికి వెళ్లినప్పుడు డిపో దాకా నడిచి వెళ్లి, ఆగివున్న బస్సెక్కి స్టార్ట్ చేసేశాడు. బస్సు గోడకు గుద్దుకుంది. మధ్యలో నిలబడి బస్సు కడుగుతున్న మనిషి ఒకడు పక్కకి దూకి బతికిపోయాడు. పాతవాడన్న జాలితో డిపోవాళ్లు ఊరుకున్నారు గానీ, ఇంకోసారి కనిపిస్తే పోలీసులకు అప్పగిస్తామన్నారు.

"హోములో చేర్పిద్దాం అమ్మా" అంది కూతురు.

అక్క వెళ్లి ఆ హోము చూసొచ్చింది. అక్కడ ఒక పెద్దాయన్ని కుర్చీకి బెల్టుతో కట్టేసి ఉంచారట. ఆయన ఆ బెల్టు విప్పుకోవడానికి అలా ప్రయత్నిస్తూనే ఉన్నాడట. ఆ రోజు అక్క అన్నం ముట్టలేదు.

"నా ఊపిరుండగా ఈయన్ని అక్కడికి పంపను" అంది.

"మళ్లీ బయటికెళ్లి ఏ లారీ కిందో పడితే?"

"పంపనని చెప్పానా!"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. కూతురు తన విద్యంతా వాడి ఇంటిని మార్చేస్తుంది. అప్పటికీ బావ గడప దాటితే అక్క నోరెత్తకుండా హోముకు ఒప్పుకోవాలి.

"మనకు కనపడేది వేరు, నాన్నకు కనపడేది వేరు పిన్నీ" అని చెప్పింది మా డాక్టరమ్మ, రంగుల అట్టలు నేలంతా పరుచుకుని. "ఈ జబ్బు ముదిరితే ఒకే రంగులో ఉన్నవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తేడాగా ఉన్నదే కంటికి ఆనుతుంది. ఆయనకు కావలసినవాటికి గట్టి రంగు వేద్దాం. వద్దన్నవాటిని కలిపేద్దాం."

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట వెనకటికెవడో" అన్నాను. "గోడకు సున్నం వేస్తే మనిషి బాగుపడతాడటే?"

అది నవ్వింది. పనివాళ్లు వచ్చారు. పడగ్గదికి లేత ఆకుపచ్చ వేశారు. స్నానాలగది తలుపుకు నిమ్మపండు పసుపు. బావ తినే పళ్లెం ఎర్రది. వీధి తలుపుకు మాత్రం గోడ రంగే, బిస్కెట్ రంగు. తలుపుకూ, గుమ్మానికీ, గడియకూ, చుట్టూ ఉన్న గోడకూ ఒకటే రంగు, గీత కూడా తేడా తెలియకుండా. తలుపుకున్న గుండ్రటి పిడి మెరుస్తోందని దానికి అదే రంగు గుడ్డతో తొడుగు కావాలంది. నేనే కుట్టాను. తలుపు ముందు నల్లటి పట్టా పరిచారు. నలుపు ఆయన కంటికి గొయ్యిలా ఉంటుందట, అడుగు వెయ్యడట.

నిజం చెప్పాలంటే, పని చేసింది. నా మాట నేనే దిగమింగుకోవలసి వచ్చింది. హాల్లో మూల చూసి పని కానిచ్చే మనిషి పసుపు తలుపు వెతుక్కుంటూ వెళ్లడం మొదలుపెట్టాడు. పళ్లెం ఖాళీ చేసేవాడు. తెల్లవారుజామున ఖాకీ ప్యాంటు వేసుకుని హాల్లోకి వచ్చి, గోడలన్నీ చూసి, నల్ల పట్టా దగ్గర ఆగి, వెనక్కి తిరిగి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఆ కుర్చీయే బస్సు. చేతులు ముందుకు చాపి తిప్పుతూ ఉండేవాడు. అక్క కండక్టరు. అన్నం వేళకు "హోల్డాన్!" అని అరిచేది. ఎంత స్పీడులో ఉన్నా బావ టక్కున బ్రేకు తొక్కేవాడు. తినడం అయ్యాక "రైట్ రైట్" అంటే మళ్లీ బయలుదేరేవాడు. వేరే ఏ మాటా చెవికెక్కేది కాదు గానీ హోల్డాన్ అంటే మాత్రం ఆగిపోయేవాడు.

నేనూ ఊరుకునేదాన్ని కాదు. "ఏం బావా, నన్ను నా షాపు దగ్గర దింపుతావా?" అనేదాన్ని.

"అక్కడ స్టాపు లేదమ్మా" అనేవాడు, మొహం సీరియస్‌గా పెట్టి. అక్క పడీ పడీ నవ్వేది. ఎన్నాళ్లకో చూశాను దాని నవ్వు. రాత్రిళ్లు నిద్రపోతోంది, బుగ్గలు తేరుకుంటున్నాయి. నేను రంగుల డాక్టరమ్మకు చీర జాకెట్టు ఒకటి ఊరికే కుట్టిపెట్టాను.

ఒక్కరోజు మాత్రం ఆయనతో హాస్యమాడలేకపోయాను. నేను వెళ్లేసరికి బావ హాల్లో గోడను రెండు చేతులతో తడుముతున్నాడు. తలుపు ఉన్నవైపే తడుముతున్నాడు, నల్ల పట్టా అంచున నిలబడి, నడుం వంచి. ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు ఉన్నాడు. అంత దగ్గర నిలబడి కూడా ఆయనకు తలుపు తెలియలేదు.

"మనిషిని డబ్బాలో పెట్టి మూత పెట్టేశాం కదే" అన్నాను సాయంత్రం మా డాక్టరమ్మతో.

"కట్టేసి కూర్చోబెట్టడం కంటే నయం కదా పిన్నీ?"

నాకూ ఆ బెల్టు మనిషి గుర్తొచ్చాడు.

తరవాత ఒకరోజు నేను దారాలు, జిప్పులు తెచ్చుకోవడానికి పొద్దున్నే బజారుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కకు ఇష్టమని ద్రాక్షపళ్లు తెచ్చాను. పిలిస్తే పలకలేదు, నా తాళంతో తలుపు తీశాను.

ముందు కనిపించింది గోడ. బిస్కెట్ రంగు గోడంతా ఎర్రటి అరచేతులు. కిటికీ దగ్గర మొదలై, మూల తిరిగి, ఎదురుగోడ మీదుగా, నేను తీసిన తలుపు లోపలివైపు మీదుగా, ఆ పక్కకు. ఒక చోట బాగా ఎరుపు, పోనుపోను గోధుమరంగు. ద్రాక్షపళ్లు ఎక్కడ వదిలేశానో తెలియదు.

అక్క వంటింట్లో నేలమీద ఉంది. పడుతున్నప్పుడు గట్టు అంచు తగిలినట్టుంది, తల కింద రక్తం గడ్డకట్టి ఉంది. ఒక చెయ్యీ కాలూ పడిపోయాయి. మూతి వంకరపోయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, నన్ను చూశాయి. ఆమె మీద పడగ్గదిలోని దుప్పటి కప్పి ఉంది. తల దగ్గర ఎర్ర పళ్లెం, దాంట్లో రొట్టె ముక్క. పక్కన స్నానాలగది చెంబు, నీళ్లతో. పసుపు తలుపు నిండా చేతి గుర్తులే. ఎన్నిసార్లు అందులోకి వెళ్లొచ్చాడో! ఇంట్లో ఆయన కంటికి కనపడే తలుపు అదొక్కటే మరి.

బావ ఆమె పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"ఈవిడ దిగాలంటోందమ్మా" అన్నాడు. "పొద్దుట్నుంచీ హోల్డాన్ హోల్డాన్ అని ఒకటే అరుపు. బండి ఆపేశాను. డోరు దొరకట్లేదు. ఈ బండికి డోరెక్కడుందో నీకు తెలుసా?"

నేను అరిచిన అరుపుకు కింద షాపులవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆస్పత్రిలో అక్క ఆ సాయంత్రం దాటలేదు. మెదడులో నరం చిట్లిందనీ, పొద్దున్నే తీసుకొచ్చి ఉంటే బతికేదేననీ డాక్టరు చెప్పాడు. ఆయనకేం, చెప్పి వెళ్లిపోయాడు. ఫోను పడగ్గదిలో ఛార్జింగుకు పెట్టి ఉంది. గడప దాటితే ఎదురు వాటాకీ, పక్క వాటాకీ మధ్యలో నిలబడి ఒక్క కేక వేసినా చాలు. బావకు కాళ్లున్నాయి, కేక వేసే గొంతుంది, వెళ్లాలన్న ఆరాటమూ ఉంది. అక్కకు నోరు పడిపోయే దాకా ఆయనకు తెలిసిన భాషలోనే చెప్పింది. రోజూ వినే అరుపే అనుకుని పక్క వాటావాళ్లూ రాలేదు.

అన్నీ అయిపోయాక కూతురు, నేను ఆ ఇంట్లోకి వెళ్లాం. అది ఒంటరిగా దొరికితే చెడామడా తిట్టాలని రెండు రోజులుగా కాచుకుని ఉన్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందే, నీ చదువు మండ, అని గొంతు దాకా వచ్చింది. అది గోడ ముందు నిలబడి ఒక్కో గుర్తు మీదా తన అరచెయ్యి ఆనించి చూసుకుంటోంది.

"పిన్నీ, ఇలా రా" అంది. "తలుపు మీద కూడా పెట్టాడు చూడు. ఇక్కడ. ఇక్కడ కూడా."

చూశాను. నేను కుట్టిన తొడుగు రక్తంతో అట్టకట్టి ఉంది. నాలుగు వేళ్లు చుట్టూ, బొటనవేలు ఇవతల. నల్ల పట్టా గొయ్యనుకునే మనిషి, ఆ రోజు గొయ్యిలోకి కూడా దిగాడు. పిడి ఆయన గుప్పిట్లోకే వచ్చింది. మెత్తగా తగిలేసరికి పిడి అనుకోలేదు, వదిలేశాడు.

"నేనే చంపాను" అంది అది.

"నోర్ముయ్!" అన్నాను. "తొడుగు కుట్టింది నేను. రంగు ఎంచింది నువ్వు. సంతోషపడింది మీ అమ్మ. ఎవర్ని తిట్టుకుందాం చెప్పు?" అని దాన్ని పట్టుకుని ఏడ్చాను. కత్తెర తెచ్చి ఆ తొడుగు ముక్కలు ముక్కలు చేశాను. కోపం తీరలేదు, తీరుతుందా!

హోముకు ఒప్పుకోక తప్పలేదు. దాని ఉద్యోగం దానిది, నా మిషను నాది, ఆయన్ని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే మనిషి పోయింది. వ్యాను మర్నాడు పొద్దున వస్తుందనగా అది ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు పట్టుకొచ్చింది. నల్ల పట్టా తీసి అవతల పారేసింది. వీధి తలుపుకు రంగు వెయ్యడం మొదలుపెట్టింది. బస్సు ఎరుపు.

"ఇప్పుడెందుకే?" అన్నాను.

వేస్తూనే ఉంది, జుట్టు మీదా మొహం మీదా చుక్కలు పడుతున్నా. గోడ మీది చేతి గుర్తులు అలాగే ఉన్నాయి, వాటిని తుడవనివ్వలేదు. బావ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్క పోయిన రోజు నుంచీ చేతులు తిప్పడం మానేశాడు. బండి ఆగే ఉంది. రైట్ రైట్ అని నేను చెప్పి చూశాను, కదల్లేదు.

పై నుంచి కింద దాకా వేసి అది బ్రష్షు కింద పెట్టింది. అప్పుడు బావ తల తిప్పాడు. తలుపును చూశాడు. కుర్చీలోంచి లేచి, తిన్నగా, ఎక్కడా తడబడకుండా నడిచి వెళ్లి, పిడి తిప్పి తలుపు తెరిచాడు. అది తండ్రి చెయ్యి పట్టుకోబోయింది. నేనే వద్దని ఆపాను. వెళ్తే వెళ్లనీ, వెనకాల నేను పోతాను అనుకున్నాను.

ఆయన గడప దాటలేదు. పచ్చిగా ఉన్న తలుపును భుజంతో ఆనించి పట్టుకుని, పక్కకు జరిగి, మనిషి దిగేంత దారి ఇచ్చి నిలబడ్డాడు. వంటింటి వైపు చూశాడు.

"డోరు దొరికిందమ్మా" అన్నాడు నాతో. "ఆవిణ్ణి దిగమను. పాపం, పొద్దుట్నుంచీ అడుగుతోంది."