ఇల్లంతా ఆపిల్ వాసన

సెలవు పూట అందరూ కాళ్లు బారజాపుకుని టీవీ చూస్తుంటే, ఆమె వంటింటి గట్టు దగ్గర నిలబడి ఆపిల్ పళ్లు కోస్తోంది.

"పొద్దస్తమానం ఆ పళ్లేనా? కాస్త టీ సంగతి చూసేదుందా లేదా?" ముందుగదిలోంచి అత్తగారి కేక.

టీ ఇచ్చి వచ్చి మళ్లీ కత్తి పట్టుకుంది. తియ్యటి పళ్లు మూడొంతులు, పుల్లటివి ఒక వంతు. వట్టి తీపి పళ్లతో చేస్తే వైన్ చప్పగా ఏడుస్తుంది. ముక్కల్ని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తీసి కరగనిస్తే రసం దానంతటదే దిగుతుంది. ఉడకబెట్టారో, జామ్ వాసనే మిగులుతుంది. పంచదారా ఈస్టూ కలిపి, జాడీని వెనకగదిలో చల్లటి మూలన దించి తడిగుడ్డ చుట్టాలి. అక్కడ నిదానంగా పొంగుతూ పండు వాసనని తనలోనే దాచుకుంటుంది.

ఇదంతా ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఎన్ని జాడీలు పారబోసుకుని నేర్చుకుందో ఆమెకే ఎరుక. పగలంతా ల్యాబులో ఎవరెవరి రక్తమో పరీక్షచేసి ఇల్లు చేరితే, ఆమెతో మాట్లాడే మనిషి లేడు. మాటలకేం, బోలెడు. కూరలో ఉప్పు తగ్గింది, చొక్కాకి ఇస్త్రీ కాలేదు. అవీ మాటలేనా? అందుకే జాడీ పక్కన చతికిలబడి బుడగల చప్పుడు వింటూ కూర్చునేది. "ఏమ్మా, ఎలా ఉన్నావ్?" అని పలకరించేది కూడా. ఎవరైనా వింటే పిచ్చి పట్టిందనుకుంటారు. అనుకోనీ, ఆమెకి ఆ ఇంట్లో బదులు పలికేది అదొక్కటే.

ఏటా ఆమె భర్త ఆఫీసు మేనేజరు, ఆయన భార్య భోజనానికొస్తారు. "ఈ వైన్ నా చేత్తో చేశానండీ" అంటాడు మొగుడుగారు, ఏనాడూ ఒక్క తొక్కయినా తీసిన పాపాన పోలేదు. "పండు కొరికినట్టే ఉందయ్యా!" అంటాడు మేనేజరు. ఆమె కూజా పట్టుకుని వెనకాల నిలబడి ఉంటుంది. ఈసారి మాత్రం విందుకి ముందే నోరు తెరిచి భర్తని అడిగేసింది.

"నేను చేశానని చెప్పండి. అంతే."

"ఎవరు చేస్తే ఏమిటోయ్! మనలో మనకి నీదీ నాదీ ఏమిటి?"

"అలాంటప్పుడు నా పేరే చెప్పొచ్చుగా?"

"సర్లే, చెప్తాలే" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. ఆపాటి మాటకే ఆమె ప్రాణం లేచొచ్చింది. తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి తలుపు తీసేసరికి ఇల్లంతా ఆపిల్ వాసన.

"చూశావా, ఎలా ఘుమఘుమలాడుతోందో! విందుకి అందదేమోనని జాడీ తెచ్చి పొయ్యి పక్కన పెట్టా. వెచ్చగా ఉంటే గబగబా అయిపోతుందిగా" అన్నాడు భర్త, ఘనకార్యం చేసినట్టు.

జాడీ నురగలు కక్కుతోంది. వాసన ఇల్లంతా ఉందంటే ఇక జాడీలో లేనట్టే.

"ఎందుకు ముట్టుకున్నారు?"

"అబ్బో, పెద్ద బ్రహ్మవిద్య! నీళ్లలో పళ్లు పడేయడమేగా."

స్నానాలగదిలోకి వెళ్లి, కొళాయి తిప్పి ఏడ్చింది. పోయినవి పళ్లేగా అని సర్దిచెప్పుకోబోయింది. మనసు వింటేనా! అంత ఇంట్లో తనదంటూ ఉన్నది అదొక్కటే, దాన్నీ అడగకుండా ఎత్తి పక్కన పెట్టేశారు.

విందు నాడు మేనేజరు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఏమయ్యా, ఈసారి గొంతు మంట తప్ప పండు జాడే లేదే?"

"ఈసారి మా ఆవిడ చేసిందండీ!" భర్త పగలబడి నవ్వాడు. "తన పేరు చెప్పమని ఒకటే పోరు. ఇదిగో, చెప్పేశాను!"

అందరూ నవ్వారు. అత్తగారు, "చెప్తే వింటేగా" అంటూ సాగదీసింది. మేనేజరు భార్య జాలిగా చూసి, "పోనీలేమ్మా, మొదటిసారి కదా" అంది.

ఆమె కూజా పట్టుకుని ముందుకొచ్చింది.

"మొదటిసారి కాదండీ. ఇన్నేళ్లూ మీరు మెచ్చుకుంటూ తాగినవన్నీ నేను చేసినవే. మా వారి చెయ్యి పడింది ఈ ఒక్కదాంట్లోనే."

మేనేజరు గ్లాసు కింద పెట్టి ఆమె భర్త వైపు చూశాడు.

"చాల్లే, లోపలికెళ్లి అన్నం పట్రా" అన్నాడు భర్త, పళ్లు బిగించి.

ఆమె కూజాని ఆయన ముందు పెట్టింది. మేనేజరు భార్య పక్కన ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నం పొయ్యి పక్కనే ఉందండీ. ఆ చోటు మీకు తెలుసుగా."