ఎడమ మూలన గీత

నేను ఒక కటకాన్ని. మీ కళ్లజోడు అద్దంలా ఉబ్బెత్తుగా ఉండను. భూతద్దంలా బరువుగానూ ఉండను. వేలిగోరంత, వెడల్పు కన్నా పొడవు ఎక్కువున్న గాజు ముక్క, దాని మధ్యలో అగ్గిపుల్ల తలంత వృత్తం. అంతే నేను. నేను పనిచేసింది మొత్తం రెండు రోజులు. నా కారణంగా ఒక మనిషి ఉద్యోగం పోయింది. తప్పు అతనిది కాదని నాకు మొదటి నుంచీ తెలుసు. నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి నాకు నోరు లేదు.

పుట్టుక సంగతి ముందు చెప్తాను, లేకపోతే తర్వాతి గొడవ మీకు అర్థం కాదు.

హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ. అందులో దుమ్ము కణం కూడా లోపలికి రాకుండా కాపలా కాసే ఒక గది. మనుషులు అక్కడ తల నుంచి పాదం దాకా తెల్లటి ముసుగు తొడుక్కుని తిరుగుతారు, కళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఆ గదిలోని ఒక యంత్రం పంతొమ్మిది గంటలపాటు నా నమూనా గీసింది. తర్వాత గోడల రంగుల్లో వాడే టైటానియం డయాక్సైడుతో నా మీద స్తంభాలు లేపారు. రెండు కోట్ల స్తంభాలు. ఒక్కొక్కటి మీ వెంట్రుక మందంలో నూరో వంతు ఎత్తు కూడా ఉండదు. కొన్ని లావు, కొన్ని సన్నం. లావు స్తంభం వెలుతురును కాస్త ఎక్కువ ఆలస్యం చేస్తుంది, సన్నది తక్కువ. ఆ ఆలస్యాలన్నీ లెక్క ప్రకారం పేర్చితే, నాలోంచి వెళ్లిన వెలుతురంతా ఒకే చుక్క దగ్గరికి చేరుతుంది. ఉబ్బెత్తు గాజు చేసే పనిని నేను బల్లపరుపుగా ఉండి చేస్తాను.

నన్ను ఎందుకు చేశారంటే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల శ్వాసనాళంలోకి పంపడానికి మిరియపు గింజంత కెమెరా కావాలి. మామూలు కటకం అందులో పట్టదు. చుట్టూ ఉన్న గాజు కోసేస్తే నేను పడతాను.

నన్ను గీసిన అమ్మాయి నవనీత. సూర్యాపేట నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని, పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఎడమచేతి వాటం. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ఆ గదిలో యంత్రాలన్నిటినీ చూసుకునేవాడు ఖాజా మొయినుద్దీన్. అందరికీ ఖాజా భాయ్. పదకొండేళ్లుగా కాంట్రాక్టు టెక్నీషియన్. ఆ ఏడాది అతన్ని పర్మినెంటు చేసే ఫైలు కదిలింది. డైరెక్టరు బల్ల దాకా వెళ్లిందని అందరూ చెప్పుకునేవాళ్లు.

మా జాతికి ఒక ఇబ్బంది ఉంది. ఏ వైపు నుంచి చూసినా మా వృత్తం ఒకేలా మెరుస్తుంది. స్తంభాలు ఏ వైపున్నాయో కంటికి తెలియదు. గాజు వైపు ఎంత తుడిచినా ఏమీ కాదు. స్తంభాల వైపు ఒక్కసారి తుడిస్తే అంతా అయిపోయినట్టే. అందుకని ఖాజా ఒక పద్ధతి పెట్టాడు. కటకం యంత్రం నుంచి బయటికి రాగానే వజ్రపు మొన ఉన్న పెన్నుతో మూలన చిన్న గీత గీసేవాడు. ముక్కను నిలువుగా పట్టుకుంటే గీత కుడి కింది మూలన ఉండాలి. అలా ఉంటే స్తంభాలు నీ వైపు ఉన్నట్టు. ఎడమ కింది మూలన ఉంటే ముక్క బోర్లా ఉన్నట్టు. పదకొండేళ్లలో వందల కటకాలు. ప్రతి గీతా అతనిదే. ఈ పద్ధతి ఎక్కడా రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు కాబట్టి.

నేను బయటికి వచ్చింది శుక్రవారం, ఒంటిగంట దాటాక. ఖాజా నమాజుకు వెళ్లాడు. సోమవారం పదకొండింటికి నన్ను చూడటానికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. నవనీతకు ఆగే ఓపిక లేదు. కుడిచేత్తో పట్టకారు, ఎడమచేత్తో పెన్ను. పట్టకారు నా కుడి అంచును పట్టుకుని ఉంది కాబట్టి అక్కడ గీయడానికి చోటు లేదు. ఖాళీగా ఉన్న మూలన గీసేసింది.

ఎడమ మూల అది.

ఆమెకు అందులో తేడా ఏమీ కనిపించలేదు. తను గీసిన గీత తనకు తెలుసు. శనివారం, ఆదివారం నాతో పరీక్షలు చేసింది. బొమ్మలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆదివారం సాయంత్రం గాజు వైపు చిన్న నీటి మరక కనిపించింది. నన్ను పెట్టెలో పెట్టి, మూత మీద చీటీ అంటించింది. ‘ఖాజా భాయ్, వెనకవైపు మరక ఉంది, పొద్దున్నే తుడిచి పెట్టండి.’

సోమవారం తొమ్మిది నలభైకి నవనీత గేటు దగ్గర కమిటీ కోసం ఎదురుచూస్తోంది. లోపల ఖాజా పెట్టె తెరిచాడు. నన్ను నిలువుగా పట్టుకున్నాడు. గీత ఎడమకుంది. అంటే బోర్లా ఉంది, పైన ఉన్నది గాజు అనుకున్నాడు. అతని పద్ధతి ప్రకారం అది నూటికి నూరుపాళ్లు సరైన ఆలోచన.

తడి కాగితం నా మీదుగా ఒక్కసారి నడిచింది. కోటికి పైగా స్తంభాలు పక్కకి ఒరిగాయి. నొప్పి లేదు. నొప్పి పుట్టడానికి నాలో ఏమీ లేదు. ఖాజా నన్ను మళ్లీ పెట్టెలో పెట్టి రిజిస్టర్‌లో రాశాడు. ‘9.40. వెనకవైపు తుడిచాను.’ కింద సంతకం.

పదకొండుంబావుకి తెర మీద పాలు ఒలికినట్టు మసక వచ్చింది. కమిటీలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. పన్నెండింటికల్లా వెళ్లిపోయారు.

మూడింటికి ప్రొఫెసర్ పతంజలి గదిలో విచారణ. ఆయనే ల్యాబుకు పెద్ద. నేను ఆయన బల్ల మీద పెట్టెలో ఉన్నాను. పక్కన మైక్రోస్కోపు కింద తీసిన నా ఫొటో, ఒరిగిన స్తంభాలతో.

“ఖాజా, రిజిస్టర్‌లో సంతకం నీదేనా?”

“నాదే సార్.”

“ఎటువైపు తుడిచావు?”

“గాజు దిక్కే తుడిచిన సార్. గీత జూసుకొనే తుడిచిన. పదకొండేండ్ల సంది గదే పని చేస్తున్న, నాకు తెల్వదా?”

“మరి స్తంభాలు వాటంతటవే పడిపోయాయా?”

“గదే నాకు సమజైతలేదు సార్. ఒక్కసారి నా చేతికియ్యిన్రి, చూస్త.”

“ఇంక నువ్వు దాన్ని ముట్టుకోవద్దు.”

నవనీత గోడకు ఆనుకుని నిలబడి ఉంది. “ఆ గీత ఎవరు గీశారు?” అనే ప్రశ్న ఆ గదిలో ఎవరూ వేయలేదు. గీతలన్నీ ఖాజావే కదా. ఆమెకూ అప్పటికి తట్టలేదు. మనుషులు నన్ను తయారు చేయడానికి పంతొమ్మిది గంటలు ఓపిక పట్టారు. నన్ను పాడుచేసింది ఎవరో తేల్చడానికి పదిహేను నిమిషాలు సరిపోయాయి.

పర్మినెంటు ఫైలు వెనక్కి వచ్చింది. కాంట్రాక్టు నెలాఖరుతో ముగుస్తుందని కాగితం ఇచ్చారు. అందులో ‘పనిలో నిర్లక్ష్యం’ అనే మాట ఉంది. ఆ మాటతో ఇంకే ల్యాబూ అతన్ని తీసుకోదు.

ఇరవై రెండో తారీఖున రెండో కటకం తయారైంది. ఖాజా దాన్ని యంత్రం నుంచి తీసి, తన పద్ధతిలో గీత గీసి నవనీత చేతికిచ్చాడు. పోల్చి చూడటానికి ఆమె మా ఇద్దరినీ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టింది. దాని గీత కుడికి, నా గీత ఎడమకి.

ఆమె తన ఎడమచేతి వంక చూసుకుంది.

ముప్పై ఒకటికి ఇంకా తొమ్మిది రోజులు. ఇరవై మూడున ప్రొఫెసర్ తలుపు దాకా వెళ్లింది. ఆయన ఫోన్లో ఉన్నాడు. ఇరవై నాలుగున లోపలికే వెళ్లింది. నన్ను జేబులో పెట్టుకునే వెళ్లింది కాబట్టి నేను విన్నాను. “సార్, ఆ కటకం గురించి,” అంది. “అది అయిపోయిందమ్మా. నీ థీసిస్ సంగతి చూడు, ఏడు నెలలే ఉంది,” అన్నాడు. “సరే సార్,” అంది. ఇరవై ఐదున వెళ్లలేదు. ఆ తర్వాత రోజుల గురించి చెప్పడానికేమీ లేదు. ఆమె పని చేసుకుంది, మూడు పూటలా తింది, ఫోన్లో అమ్మతో మాట్లాడింది. పాడైన నాలోంచి వెళ్లే వెలుతురులాగే ఆమె మాటలూ ఎక్కడా ఒక చుక్క దగ్గరికి చేరేవి కావు.

ముప్పై ఒకటిన ఖాజా తాళంచెవులు అప్పజెప్పాడు. చివరికి వజ్రపు పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు.

“ఇగ గీతలు మీరే గీసుకోవాలె మేడం. మొన ఇరుగుతది, జర పైలం.”

ఆమె తల ఊపింది. పెన్ను అందుకున్నది ఎడమచేత్తోనే. అతను గమనించలేదు.

నన్ను ల్యాబు గుమ్మం దగ్గర గాజు అలమరలో పెట్టారు. కింద కార్డు. ‘నిర్లక్ష్యంగా తుడిచిన కటకం. మీరు ఇలా చేయకండి.’ ఆ కార్డు టైపు చేసింది నవనీతే, ప్రొఫెసర్ చెప్పాడని. ఆరేళ్లపాటు కొత్తగా చేరిన ప్రతి విద్యార్థీ నా ముందు నిలబడి ఆ కథ విన్నాడు. పతంజలి రిటైరయ్యాడు. నవనీత డాక్టరేటు తీసుకుని, అక్కడే ఉద్యోగంలో చేరి, ఆ ల్యాబుకే ఇన్‌చార్జి అయింది. తర్వాత ఆ కథ చెప్పాల్సింది ఆమే. చెప్పేది. గొంతులో ఏ మార్పూ ఉండేది కాదు.

ఒకరోజు ఆమె అలమర తెరిచి నన్ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. మళ్లీ వెలుతురు చూసేసరికి మెహదీపట్నంలో ఒక కళ్లజోళ్ల షాపు కౌంటరు మీద ఉన్నాను. అవతల ఖాజా. గడ్డం తెల్లబడింది.

“నిన్న ఊకెనే అడిగిన మేడం. అద్దాల ఫ్రేముకు మర ఊడిందని వస్తిరి, గా పాత కటకం యాదికొచ్చి అడిగిన. మీరు నిజంగనే తెస్తరనుకోలే.”

“చూస్తానన్నారు కదా భాయ్. చూడండి.”

అతను కంటికి చిన్న భూతద్దం బిగించుకుని, పట్టకారుతో నన్ను ఎత్తాడు. వేళ్లు అప్పట్లాగే నిదానంగా ఉన్నాయి. నన్ను నిలువుగా పట్టుకున్నాడు. తిప్పాడు. దీపం వైపు వంచాడు. ఒరిగిన స్తంభాల దగ్గర మెరుపు చెదిరి ఉంటుంది. అది ఏ వైపునుందో వెతికి పట్టుకున్నాడు. మళ్లీ గీత చూశాడు.

“గీత ఎడమకున్నది.”

ఆమె హ్యాండ్‌బ్యాగు మూసి చేతులు కౌంటరు మీద పెట్టింది.

“గిది నా గీత కాదు. ఎవరు గీసిన్రు?”

“నేనే. ఆ రోజు మీరు నమాజుకు వెళ్లారు.”

అతను కంటి నుంచి భూతద్దం తీశాడు. కౌంటరు మీద ఉన్న ఆమె ఎడమచేతిని చూశాడు.

“మీకెప్పుడు ఎరుకైంది మేడం?”

“ఇరవై రెండో తారీఖున.”

“నేను పోయింది ముప్పై ఒకటిన.”

“అవును.”

షాపులోకి ఒక ముసలాయన వచ్చాడు. “ఏం ఖాజా, నా అద్దాలైనయా? రేపు రా, రేపు రా అనుకుంట నన్ను గుడ్డోణ్ని చేసేటట్టున్నవ్.”

“అయినయ్ చాచా, గుడ్డోడివైతే గిట్ల తిడుతవా?” అని ఖాజా లేచాడు. అద్దాలు తుడిచి ఆయన చెవులకు తగిలించాడు. ఎడమ కాడ కాస్త వంచాడు. ఆయన్ని సాగనంపి వచ్చి కూర్చున్నాడు. బిల్లు పుస్తకం తిరగేసి, వెనకవైపు తెల్ల కాగితం ఆమె ముందుకు జరిపాడు.

“నోటితోని చెప్పింది నేనేం చేసుకోవాలె. రాసియ్యిన్రి.”

ఆమె రాసింది. గీత తనది. తప్పు తనది. ఖాజా మొయినుద్దీన్ పనిలో నిర్లక్ష్యం లేదు. సంతకం పెట్టి కాగితం ఇవ్వబోయింది.

“తారీఖు కూడ రాయిన్రి. ఇయ్యాల్టిది కాదు. మీకెరుకైన తారీఖు.”

ఆమె ఆరేళ్ల కిందటి ఆ ఇరవై రెండో తారీఖు రాసింది.

అతను పక్క జిరాక్స్ షాపుకు వెళ్లి రెండు కాపీలు తీయించాడు. ఒకటి ఆమెకిచ్చాడు. అసలు కాగితాన్ని లామినేషన్ చేయించుకొచ్చి షాపు లైసెన్సు పక్కన మేకుకు తగిలించాడు. అక్కడికొచ్చేవాళ్లెవరికీ అదేమిటో తెలియదు. నన్ను తీసుకెళ్లమని అతను అనలేదు. తీసుకెళ్తానని ఆమె అడగలేదు.

ఆ కాపీని ఆమె సంస్థకు ఇచ్చింది. ఈ సంగతి నెల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు ఆమే చెప్పింది.

“ఏమన్నరు?”

“ఆరేళ్ల కిందటి ఫైలు, మూసేశాం, తెరవడం కుదరదన్నారు. నాకు ఒక మెమో ఇచ్చారు.”

“మెమో ఇచ్చిన్రు,” అన్నాడు ఖాజా. నవ్వలేదు.

“ఇంకొకటి చూపిద్దామని వచ్చాను భాయ్. గీత పద్ధతి తీసేశాను.”

ఆమె పెట్టె తెరిచింది. అందులో నాలాంటిదే కొత్త కటకం, నిలబడి ఉన్న స్తంభాలతో. ఖాజా భూతద్దం బిగించుకున్నాడు. ఆ కటకం మూలన గీత లేదు. స్తంభాలతోపాటే యంత్రం రాసిన చిన్న అక్షరం ఉంది.

“ఖ,” అని చదివాడు.

“ఇప్పుడు అన్నిటి మీదా అదే ఉంటుంది. అక్షరం సరిగ్గా చదవగలిగితే స్తంభాలు మన వైపు ఉన్నట్టు. తిరగబడి కనిపిస్తే బోర్లా ఉన్నట్టు. గీసింది ఏ చేయైనా ఫరక్ పడదు.”

అతను దాన్ని తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు.

“పోరగాండ్లు ఏమంటున్నరు? ఖ అంటే ఏందని అడగరా?”

“అడుగుతారు.”

“మరి?”

“ఒక మనిషి పేరని చెప్తున్నాను. అలమరలో కార్డు తీసేశాను.”

ఖాజా కొత్త కటకాన్ని పెట్టెలో ఉంచి మూత వేశాడు. “గిదొక్కటి అప్పుడుంటే నేను తుడవకపోదును,” అన్నాడు. ఇంకేదో అంటాడేమోనని ఆమె నిలబడింది. అతను ఒక ఫ్రేము అందుకుని మర బిగించడం మొదలుపెట్టాడు. ఆమె వెళ్లిపోయింది.

ఇది న్యాయమా అని నన్నడగకండి. ఒక మనిషికి తన పని తిరిగి రాలేదు. అతని పేరులోని మొదటి అక్షరం మాత్రం, అతను ఇక ఎప్పుడూ అడుగుపెట్టని గదిలో, కంటికి కనిపించనంత చిన్నగా తయారవుతూనే ఉంది. నేను వెలుతురును ఒక చుక్క దగ్గరికి చేర్చడానికి పుట్టాను. ఇప్పుడు అదీ చేతకాదు.

నేనుండేది ఖాజా సొరుగులో, మరలకీ ముక్కు బిళ్లలకీ మధ్య. ఆమె కాగితం రాసిచ్చిన రోజు నన్ను అందులో పెట్టే ముందు అతను నన్నొకసారి నిలువుగా పట్టుకున్నాడు. గీత ఎడమ మూలన ఉంది. బోర్లా ఉందనుకుని అలవాటుగా తిప్పబోయి ఆగాడు.

తిప్పకుండా, స్తంభాలు పైకి ఉండేలా పెట్టి, సొరుగు మూశాడు.