రాయి ముందు పగిలింది

ఫట్‌మని మూడో దిమ్మె కూడా చీలింది. పగలాల్సింది కిందిసగం బొగ్గు. చీలింది పైసగం రాయి!

ల్యాబులో ఇంజనీరమ్మ దిమ్మెల్ని నొక్కే ప్రెస్సు ఆపేసింది. గనిలోని బొగ్గును, గని కప్పులోని రాయిని ఒకదాని మీద ఒకటి అతికించి నొక్కితే, మెత్తనిది కాబట్టి బొగ్గే ముందు చితకాలి. పన్నెండేళ్లుగా ఆమె చూస్తున్నది అదే. ఇవాళ లెక్క తలకిందులైంది.

ఫోను మోగింది. ఆ గనిలో, ఆ కప్పు కిందే పనిచేసే అన్నయ్య.

“ఏమే, మా కప్పు గట్టిదా, కాదా?”

“తేలేదాకా కిందికి దిగకు.”

“దిగకపోతే మీ వదిన అంట్లు తోమిస్తుంది. అంతకన్నా గనే నయం!”

ఆమెకు నవ్వు రాలేదు. రాయి నిజంగా బలహీనమైతే సాయంత్రానికి ఆ గని మూసెయ్యాలి. బలహీనమై కూడా తను బాగుందని రాస్తే, కప్పు కూలేది అన్నయ్య నెత్తి మీదే.

ల్యాబు పెద్దసారు సుడిగాలిలా వచ్చాడు. “మూడు దిమ్మెలు మట్టిపాలు! ఎవడి నిర్వాకం ఇది? దొరికితే చొక్కా పట్టుకుని గుమ్మం దాటిస్తా!” ఆయన చూపు రాళ్లు కోసే రంపం తాత మీద పడింది.

“ముప్పై ఏళ్లుగా కోస్తున్నా సారూ. నా నోరు వంకరేగానీ కోత వంకర కాదు.”

నిజమే. ఆమె దిమ్మె అంచు మీద స్కేలు ఆనించి చూసింది, వెలుతురు దూరలేదు. ప్రెస్సులో ఉక్కుముక్క పెట్టి చూసింది, బరువు చూపే ముల్లు సరిగ్గానే ఉంది. మిగిలింది నాలుగో దిమ్మె ఒక్కటే. అదీ పగిలితే సాక్ష్యం ఉండదు. పగలగొట్టకుండా తక్కెడలో పెట్టింది.

“తాతా, అతికించిన రోజు మూడువందల డెబ్బై ఏడు గ్రాములని రాశావు. ఇప్పుడు మూడువందల ఎనభై ఆరు. రాయి ఒళ్లు చేసిందా?”

“మా ఆవిడ వంట తింటే ఎవరైనా చిక్కిపోవడమే తప్ప ఒళ్లు చెయ్యరమ్మా!”

ఆమె దిమ్మెకు అద్దుడు కాగితం చుట్టి నొక్కింది. బొగ్గు దగ్గర కాగితం దాదాపు పొడిగానే ఉంది. రాయి దగ్గర తడిమరక తేలింది. నీళ్లు! ఈ రకం రాయి నీళ్లు తాగితే సగం బలం పోతుంది.

“అతికించాక వీటిని ఎవరు తీసుకెళ్లారు?”

తాత అటూ ఇటూ చూసి ఆమె చెవిలో గొణిగాడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

గని నుంచి వచ్చిన రాయి ఇంకొకటి మైనపు కాగితం విప్పకుండా అలాగే ఉంది. తాత చుక్క నీరు వాడకుండా, గాలి ఊదుతూ దాన్ని మూడు ముక్కలుగా కోశాడు. కోసేసరికి బూడిదలో పొర్లిన పిల్లిలా తయారయ్యాడు. త్వరగా ఆరే జిగురుతో మూడింటికీ బొగ్గు అతికించారు.

మధ్యాహ్నం మూడున్నర గంటలకు ప్రెస్సు ముల్లు కదిలింది. పాత దిమ్మెలు రెండు టన్నులకే చీలాయి. ఈ కొత్త దిమ్మె రెండు దాటింది. మూడు దాటింది. నాలుగు దగ్గర కింద బొగ్గు పటపటలాడి, ముక్కలై ఎగిరింది. పైన రాయి చెక్కు చెదరలేదు! రెండోదీ అంతే. మూడోదీ అంతే.

“అన్నయ్యా, మీ కప్పు మీద చెమ్మ ఉందా?”

“ఎండాకాలం గొంతులా పొడారిపోయి ఉందే!”

“అయితే గట్టిదే. ఎప్పుడైనా నీటిచుక్క కనిపించిందా, అందరూ పైకి పరుగు. రిపోర్టులో అదీ రాస్తున్నా.”

ఫోనులో ఈలలు, కేకలు. తాత రంపం పక్కనే రెండు చిందులేశాడు. పెద్దసారు చప్పట్లు కొట్టి, వెంటనే మీసం సవరించుకున్నాడు.

“శభాష్! ఇప్పుడు చెప్పు. దిమ్మెల్ని పాడుచేసిన ఆ తెలివితక్కువ దద్దమ్మ ఎవడు?”

తాత గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. ఇంజనీరమ్మ పెదవి కొరుక్కుంది. ఇక ఆపుకోలేకపోయింది.

“రాతిపొరలు ఫొటోలో మెరవాలని వాటిని రాత్రంతా నీళ్లతొట్టిలో నానబెట్టింది మీరే, పెద్దసారూ!”